కోర్ ఐ5 12400: ఆల్బమ్ డిజైనింగ్, పెళ్లి వీడియోలు, ఇంటి అవసరాలు – ఒక్క ప్రాసెసర్‌తో సరిపెట్టుకోవచ్చా?

ఫొటోశాల:
సభ్యులందరికీ నమస్కారం. పశ్చిమ గోదావరి జిల్లాలో మాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. ఇంతకాలం మా పని నడిపించిన కంప్యూటర్‌లో 2017 నాటి కోర్ ఐ5 7400 ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు రెండు, ఒక ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మా 7వ తరం ప్రాసెసర్ విండోస్ 11 అర్హుల జాబితాలో లేదు కాబట్టి ఎలాగూ మార్చక తప్పడం లేదు. మా పనిలో ఎక్కువ భాగం ఫొటోషాప్‌లో 12 బై 36 అంగుళాల ఆల్బమ్ షీట్లు చేయడం, ఆ తరువాత పెళ్లి వీడియోల కూర్పు. కొత్త కెమెరా హెచ్‌ఈవీసీ అనే వీడియో కుదింపు పద్ధతిలో, 10 బిట్ 4:2:2 రంగులతో రికార్డు చేస్తోంది. ఆ క్లిప్పులను టైమ్‌లైన్ మీద పెడితే పాత యంత్రం అడుగడుగునా ఆగిపోతోంది. సాయంత్రం మా ఆవిడ అదే కంప్యూటర్‌లో టాలీ లెక్కలు చూసుకుంటారు, ఈ ఏడాది బీటెక్‌లో చేరిన మా అబ్బాయికి కూడా అదే దిక్కు. దుకాణదారు ఒకరు ఇంటెల్ 12వ తరం ఐ5 12400ఎఫ్ తీసుకుని గ్రాఫిక్స్ కార్డు పెట్టుకోమన్నారు, మరొకరు ఏఎమ్‌డీ రైజెన్ 5 5600జీ చాలన్నారు, ఇంకొకరు ఇంటెల్ 14వ తరం ఐ5 14400 లేకుండా ఇప్పుడు కొనడమే దండగ అన్నారు. పెట్టె మీది అంకెలు చూస్తే 12400 వేగం 2.5 గిగాహెర్ట్జ్ అని ఉంది, మా పాతదానికే 3.0 ఉంది. ఇదెలా మెరుగవుతుందో దయచేసి వివరించగలరు.

సిలికాన్ శాస్త్రి:
ఫొటోశాల గారూ, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ 2.5 అనే అంకె చూసి వెనుకంజ వేసినవారిని చాలామందినే చూశాను. అది 65 వాట్ల పరిమితిలో కట్టిపడేసినా తగ్గకుండా నడుస్తానని చిప్ ఇచ్చే కనీస హామీ మాత్రమే. నిజంగా పని చేస్తున్నప్పుడు ఒక కోర్ (చిప్ లోపల లెక్కలు చేసే విభాగం) మీదే భారం పడితే 4.4 గిగాహెర్ట్జ్ వరకు, ఆరు కోర్లూ కలిసి పని చేస్తే 4.0 వరకు వెళ్తుంది. మీ 7400 గరిష్ఠంగా 3.5 దగ్గర ఆగిపోతుంది. పైగా గిగాహెర్ట్జ్ అంటే ఒక సెకనుకు ఎన్ని అడుగులు వేస్తుందన్న లెక్కే గానీ ఒక్కో అడుగులో ఎంత పని జరుగుతుందన్న లెక్క కాదు. 2022 జనవరిలో వచ్చిన ఈ 12వ తరం కోర్లు, మీ పాత కోర్లతో పోలిస్తే ఒకే గిగాహెర్ట్జ్ దగ్గర కూడా చాలా ఎక్కువ పని చేస్తాయి.

ఇక మిగతా అంకెలు. మీ పాతదానిలో నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు (ఒకేసారి సాగే పనుల వరుసలు). ఇందులో ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. ఎల్3 క్యాష్ (చిప్ లోపలి వేగవంతమైన చిన్న మెమరీ) 6 ఎంబీ నుంచి 18 ఎంబీకి పెరిగింది. 12వ తరంలో పై శ్రేణి చిప్‌లకు పెద్ద కోర్లు, చిన్న కోర్లు అని రెండు రకాలు ఉంటాయి, 12400లో మాత్రం ఆరూ పెద్దవే. ఏ పనిని ఏ కోర్‌కు పంపాలన్న చిక్కు ఆపరేటింగ్ సిస్టమ్‌కు లేకపోవడం వల్ల పాత సాఫ్ట్‌వేర్లతో ఇది పేచీ పెట్టదు. నా దృష్టిలో ఈ చిప్‌కు ఉన్న పెద్ద సుగుణం ఇదే, ప్రకటనల్లో మాత్రం దీన్ని ఎవరూ చెప్పరు.

విద్యుత్తు సంగతి కొస్తే, 65 వాట్లు అని రాసి ఉన్నా, భారం పెరిగినప్పుడు వేగం పెంచుకునే టర్బో స్థితిలో గరిష్ఠ పరిమితి 117 వాట్లు. మదర్‌బోర్డు ఇంటెల్ నియమాలను పాటిస్తే కాసేపు పైకి వెళ్లి మళ్లీ 65కు దిగుతుంది. చాలా బోర్డులు ఆ పరిమితిని సడలించి అమ్ముతాయి. అయితే ఈ ఆరు కోర్ల చిప్ పూర్తి భారంలో కూడా 117 దాకా వెళ్లడం అరుదు కాబట్టి, ఖరీదైన బోర్డు, నీటితో చల్లబరిచే కూలర్ వంటి హంగులేవీ దీనికి అక్కరలేదు.

డీటీపీ పాతకాపు:
శాస్త్రి గారి మాటకు నా పక్కనుంచి ఒక అనుబంధం. మా ప్రెస్సులో ఈనాటికీ కరపత్రాలు, శుభలేఖలు పేజ్‌మేకర్ 7లో అను ఫాంట్లతోనే నడుస్తున్నాయి. 2001లో విడుదలైన ఆ సాఫ్ట్‌వేర్‌కు ఎన్ని కోర్లు ఇచ్చినా ఒక్క కోర్‌నే వాడుకుంటుంది. టాలీలో వోచర్లు కొట్టడం, బ్రౌజర్‌లో జీఎస్టీ పోర్టల్ తెరవడం, ఎక్సెల్‌లో జీతాల పట్టిక వంటివన్నీ దాదాపు అదే బాపతు. అక్కడ ఒక్క కోర్ ఎంత చురుకైనదన్నదే లెక్క. ఆ విషయంలో 12400కూ, దానికంటే చౌకైన నాలుగు కోర్ల ఐ3 12100కూ తేడా కంటికి కనిపించదు. కేవలం డీటీపీ, లెక్కలు అయితే నేను 12100 దగ్గరే ఆగమనేవాణ్ణి. మీకు వీడియో పని ఉంది కనుక ఆరు కోర్లు న్యాయమే.

పార్క్‌లేన్ బాటసారి:
సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తరచూ కొనుగోళ్లు చేసేవాడిగా రెండు జాగ్రత్తలు చెబుతాను.

మొదటిది బోర్డు గురించి. ఈ ప్రాసెసర్‌తో కలిపి దుకాణాల్లో ఎక్కువగా అంటగట్టేది హెచ్610 చిప్‌సెట్ (బోర్డును నడిపే చిప్) ఉన్న బోర్డు. టైపింగ్, బిల్లింగ్ పనులకు అది నిక్షేపంలా పనిచేస్తుంది. కానీ దానిలో ర్యామ్‌కు రెండే స్లాట్లు ఉంటాయి. ప్రాసెసర్ నుంచి నేరుగా ఎస్‌ఎస్‌డీకి వెళ్లే పీసీఐఈ 4.0 అనే డేటా దారిని ఆ చిప్‌సెట్ వాడనివ్వదు కాబట్టి వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ కొన్నా అది 3.0 వేగంతోనే నడుస్తుంది. మీ దగ్గర 8 జీబీ స్టిక్కులు రెండు ఉన్నాయంటున్నారు. నాలుగు స్లాట్లున్న బీ660 లేదా బీ760 బోర్డు, అదీ డీడీఆర్4 రకం తీసుకుంటే, పాతవాటిని ఉంచుకుని రేపు మరో రెండు చేర్చుకోవచ్చు. ఒకే పేరుతో డీడీఆర్4, డీడీఆర్5 రకాలు రెండూ దొరుకుతాయి. పెట్టె మీద స్పష్టంగా చూసి తీసుకోండి, ఒకదాని ర్యామ్ మరొకదాని స్లాట్‌లో పట్టదు.

రెండవది ట్రే ప్రాసెసర్ గురించి. పెట్టె లేకుండా ప్లాస్టిక్ అరలో విడిగా వచ్చే చిప్‌ను కాస్త తక్కువకు ఇస్తామంటారు. పెట్టెతో వచ్చేదానికి ఇంటెల్ నేరుగా మూడేళ్ల వారంటీ ఇస్తుంది, కూలర్ కూడా పెట్టెలోనే ఉంటుంది. ట్రే రకానికి అమ్మినవారే జవాబుదారు. పెట్టె మీది బ్యాచ్ సంఖ్య, చిప్ లోహపు మూత మీద చెక్కిన సంఖ్య ఒకటేనా అని దుకాణంలోనే సరిచూసుకోవడం మంచిది. నిమిషం పని.

టెక్సాస్ తెలుగు:
ఫొటోశాల గారి ప్రశ్నలో అసలు కీలకం ఆ కెమెరా దగ్గర ఉందని నాకు అనిపిస్తోంది, దాన్ని ఇంకా ఎవరూ పట్టించుకోలేదు. నేను 12400ను ఇంట్లో మీడియా సర్వర్‌గా వాడుతున్నాను కాబట్టి దీని వీడియో విభాగంతో నాకు మంచి పరిచయం ఉంది.

హెచ్‌ఈవీసీ 10 బిట్ 4:2:2 అంటే ప్రతి పిక్సెల్‌కూ రంగు సమాచారం మామూలు 4:2:0 కంటే రెట్టింపు ఉంటుంది. కలర్ గ్రేడింగ్‌లో, పట్టుచీర అంచుల దగ్గర ఆ తేడా తెలుస్తుంది. కానీ దాన్ని విప్పి (డీకోడ్ చేసి) చూపడానికి ప్రత్యేకమైన హార్డ్‌వేర్ కావాలి, లేకపోతే కోర్లే ఆ బరువంతా మోయాలి. మీ 7400లోని హెచ్‌డీ 630 గ్రాఫిక్స్ 10 బిట్ 4:2:0 వరకే విప్పగలదు. అందుకే టైమ్‌లైన్ మీద మీకు ఆ ఆయాసం. 12400లోని యూహెచ్‌డీ 730 ఆ 4:2:2ను హార్డ్‌వేర్‌తోనే విప్పుతుంది. విచిత్రమేమంటే, ఎన్విడియా కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 50 శ్రేణి వచ్చేవరకు ఈ సౌకర్యం లేదు. 30, 40 శ్రేణుల కార్డులు ఆటల్లో ఎంత ఘనమైనవైనా ఈ ఒక్క పని దగ్గర చేతులెత్తేస్తాయి. 5600జీలోని వేగా గ్రాఫిక్స్‌కూ ఇది రాదు. అది యూట్యూబ్ ఇప్పుడు విరివిగా వాడుతున్న ఏవీ1 వీడియోను కూడా హార్డ్‌వేర్‌తో విప్పలేదు, 12400 విప్పగలదు.

కాబట్టి మీరు 12400ఎఫ్ మాత్రం తీసుకోకండి. ఎఫ్ అంటే లోపలి గ్రాఫిక్స్ పనిచేయకుండా మూసివేసిన రకం. ఆట ఆడుకునే కుర్రవాడికి దాని తక్కువ ధరతో వచ్చే మిగులు లాభమే గానీ, మీ వృత్తికి కావలసిన భాగమే అందులో లేదు. కొద్ది తేడాలో 12500 దొరికితే దాన్ని కూడా పరిశీలించవచ్చు. కోర్లు అవే ఆరు, గరిష్ఠ వేగం 4.6, గ్రాఫిక్స్ యూహెచ్‌డీ 770. 730లో 24 ఎగ్జిక్యూషన్ యూనిట్లు (గ్రాఫిక్స్ లెక్కలు చేసే విభాగాలు), ఒక వీడియో ఇంజిన్ ఉంటే, 770లో 32 యూనిట్లు, రెండు ఇంజిన్లు ఉన్నాయి.

ఒక హెచ్చరిక: ఈ సౌకర్యం హెచ్‌ఈవీసీకి మాత్రమే. కెమెరాలో హెచ్.264 పద్ధతిలో 4:2:2 ఎంచుకుంటే యూహెచ్‌డీ 730 కూడా విప్పదు, ఆ భారం మళ్లీ కోర్ల మీదే పడుతుంది. కెమెరా మెనూలో ఏది ఎంచుకున్నారో ఒకసారి చూసుకోండి.

ఏఎమ్5 అభిమాని:
అందరూ 2022 నాటి చిప్ చుట్టూనే తిరుగుతున్నారు, కాబట్టి ఎదురు వాదన కూడా ఉండాలి. 12400ను బోర్డులో అమర్చే ఎల్‌జీఏ 1700 సాకెట్ ప్రస్థానం 14వ తరంతో ముగిసింది. 2024లో వచ్చిన తరువాతి డెస్క్‌టాప్ చిప్‌లకు ఇంటెల్ వేరే సాకెట్ పెట్టింది. నేడు 12400తో బోర్డు కొంటే రేపు 14వ తరాన్ని దాటి వెళ్లే దారి లేదు. రైజెన్ 5 7600 తీసుకుంటే ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 5.1 గిగాహెర్ట్జ్, 32 ఎంబీ ఎల్3 క్యాష్ వస్తాయి. దాని ఏఎమ్5 సాకెట్‌కు కనీసం 2027 వరకు మద్దతు ఉంటుందని ఏఎమ్‌డీ చెప్పింది. చిన్నదైనా లోపల గ్రాఫిక్స్ ఉంది, ఏవీ1 కూడా విప్పుతుంది. ఒక్కో కోర్ వేగంలో 12400 కంటే స్పష్టంగా ముందుంటుంది.

సిలికాన్ శాస్త్రి:
వేగం విషయంలో మీరు చెప్పినదానితో నేను ఏకీభవిస్తాను. ఈ ప్రశ్న అడిగినవారు అన్నీ కొత్తగా కొనేవారైతే, పని కూడా ఫొటోలూ ఆటలే అయితే, నేనూ 7600నే సూచించేవాణ్ణి. ఇక్కడ రెండు అడ్డంకులున్నాయి. ఏఎమ్5 డీడీఆర్5తో తప్ప నడవదు, కాబట్టి ఆయన దగ్గరున్న 16 జీబీ మెమరీ మూలన పడుతుంది. 7600 గ్రాఫిక్స్ కూడా టెక్సాస్ తెలుగు గారు చెప్పిన 4:2:2ను విప్పదు. రాబోయే ఐదేళ్లలో ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునేవారు ఎందరన్నది కూడా ఆలోచించాలి. ఆయన 7400నే చూడండి, దాన్ని అమర్చిన నాటి నుంచి బోర్డు సహా నేటి వరకు అలాగే వాడారు.

14400 మాట కూడా ఎత్తారు కనుక చెబుతున్నాను. అందులో ఇవే ఆరు పెద్ద కోర్లకు తోడు నాలుగు చిన్న కోర్లు, మొత్తం పదహారు థ్రెడ్లు, 20 ఎంబీ క్యాష్, 4.7 గిగాహెర్ట్జ్ ఉన్నాయి. గరిష్ఠ టర్బో పరిమితి 148 వాట్లు. వీడియో ఎక్స్‌పోర్టును హార్డ్‌వేర్ ఎన్‌కోడర్‌కు (వీడియోను కుదించే ప్రత్యేక భాగానికి) వదలకుండా కోర్లతోనే చేసేవారికి ఆ చిన్న కోర్లు అక్కరకొస్తాయి. ఆల్బమ్ షీటు మీద బ్రష్ కదిపేటప్పుడు తేడా తెలియదు. గ్రాఫిక్స్ 12400లోని 730నే కాబట్టి టైమ్‌లైన్ సాఫీతనంలోనూ పెద్ద మార్పు ఉండదు. 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లలో వోల్టేజీ వల్ల కొన్ని అస్థిరంగా మారిన వ్యవహారం 2024లో పెద్ద చర్చకు దారితీసింది, 12వ తరం ఆ గొడవలో లేదు.

మెమరీ గురించి ఒక లెక్క చెప్పి ముగిస్తాను. 12 బై 36 షీటును 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) తెరిస్తే 3,600 గుణకారం 10,800, అంటే 3 కోట్ల 88 లక్షల పిక్సెళ్లు. పిక్సెల్‌కు మూడు రంగులు, రంగుకు ఒక బైటు చొప్పున ఒక్క లేయరే సుమారు 117 మెగాబైట్లు, 16 బిట్ రంగుల్లో అయితే దానికి రెట్టింపు. నేపథ్యం, ఫ్రేములు, నీడలు, పది పన్నెండు ఫొటోలు లేయర్లుగా పేర్చి, వెనక్కి వెళ్లడానికి హిస్టరీ కూడా దాచుకుంటే ఒక్కో షీటు ఎన్ని గిగాబైట్లు మింగుతుందో మీరే ఊహించవచ్చు. మెమరీ నిండాక ఫొటోషాప్ స్క్రాచ్ డిస్కుకు (మెమరీకి బదులుగా వాడే డిస్కు భాగానికి) దిగుతుంది, అక్కడినుంచి ఏ ప్రాసెసరైనా నత్తనడకే. 14400కు పెట్టే అదనపు సొమ్ముతో ర్యామ్‌ను 32 జీబీ చేసుకుంటే మీ పనిలో మార్పు ప్రతి గంటా కనిపిస్తుంది.

రామగుండం ఎండ:
మా ఊరి వేసవి గురించి తెలిసినవారికి నా పేరు వివరించనక్కరలేదు. పెట్టెలో వచ్చే లామినార్ ఆర్‌ఎమ్1 కూలర్ ఈ చిప్‌కు సరిపోతుంది, కానీ గది వేడి ఎంత పెరిగితే చిప్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుందని మరచిపోకూడదు. శీతాకాలంలో 25 డిగ్రీల గదిలో 70 చూపిన చిప్ మేలో 42 డిగ్రీల గదిలో అదే పనికి 87 దరిదాపుల్లో ఉంటుంది. 100 డిగ్రీల దగ్గర అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అందువల్ల ఎండాకాలం మధ్యాహ్నం రెండింటికి పెద్ద ఎక్స్‌పోర్టు పెట్టే బదులు రాత్రికి వాయిదా వేయండి, లేదా సాధారణ టవర్ కూలర్ ఒకటి కొనుక్కోండి. పెట్టెలో వచ్చే కూలర్‌ను బోర్డుకు బిగించే నాలుగు ప్లాస్టిక్ పిన్నులు ఎదురెదురుగా, టక్కుమని వినిపించేలా దిగాలి. ఒక్కటి సగం దిగినా కూలర్ ఓ పక్కకు ఒరిగి వేడి ఉన్నపళంగా పెరుగుతుంది. దుమ్ము సంగతి వేరే చెప్పాలా, ఉగాదికోసారి, దసరాకోసారి ఊదించుకుంటే చాలు.

కరెంటు విషయానికొస్తే, కార్డు లేని 12400 యంత్రానికీ మానిటర్‌కూ కలిపి 600 వీఏ యూపీఎస్ ధారాళంగా సరిపోతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవారు దాని వెనుక ఉండే మీటను యూపీఎస్ మోడ్‌లో ఉంచాలి. మామూలు మోడ్‌లో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ లిప్తపాటులోనే కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది, సేవ్ చేయని షీటు గంగలో కలుస్తుంది.

కోడింగ్ కుర్రాడు:
అన్నయ్యలందరికీ నమస్తే. బీటెక్ మూడో ఏడాది చదువుతూ ఇదే ప్రాసెసర్ వాడుతున్నాను కాబట్టి ఫొటోశాల గారి అబ్బాయి కోసం రాస్తున్నాను. సీ, జావా, పైథాన్ ల్యాబులకు ఇది కావలసినదానికంటే ఎక్కువే. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్, వర్చువల్ మెషీన్లలో లినక్స్ నడపాలంటే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే బోర్డు సెట్టింగులలో) వర్చువలైజేషన్ ఆన్ చేసి ఉండాలి. కొన్ని బోర్డులు దాన్ని ఆఫ్‌లో ఉంచి పంపుతాయి, అప్పుడు ప్రాసెసర్‌దే లోపమని పొరబడతారు. మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులు మొదలయ్యాక మాత్రం దీని లోపలి గ్రాఫిక్స్‌తో అయ్యే పని కాదు, విడిగా కార్డు ఉండాలి లేదా క్లౌడ్ మీద ఆధారపడాలి. ఆటల విషయంలో 5600జీ గ్రాఫిక్స్ దీనికంటే చాలా మెరుగు. యూహెచ్‌డీ 730 మీద కొత్త ఆటల జోలికి పోకపోవడమే ఉత్తమం. తండ్రిగారికి అది శుభవార్తే కావచ్చు.

ఫొటోశాల:
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. కెమెరా మెనూ చూశాను, హెచ్‌ఈవీసీ 4:2:2 అనే ఉంది. పెట్టెతో వచ్చే 12400, నాలుగు స్లాట్ల బీ760 డీడీఆర్4 బోర్డు, పాత ర్యామ్‌కు తోడుగా మరో రెండు 8 జీబీ స్టిక్కులు అని నిర్ణయించుకున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. పాత ర్యామ్ వేగం 2400, కొత్తవి 3200 అయితే ఇబ్బంది ఉంటుందా? అబ్బాయి కోసం వచ్చే ఏడాది ఎన్విడియా కార్డు పెడితే, టెక్సాస్ తెలుగు గారు చెప్పిన ఆ వీడియో సౌకర్యం అలాగే పనిచేస్తుందా?

టెక్సాస్ తెలుగు:
నాలుగు స్టిక్కులూ కలిసి 2400 వేగంతోనే నడుస్తాయి. ఫొటోషాప్‌లో వేగం కంటే పరిమాణమే ముఖ్యం కాబట్టి కంగారు పడనక్కరలేదు. ఒకే రకం జంటను ఒక ఛానల్‌లో (ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారిలో) కాకుండా, ఒక్కో ఛానల్‌లో పాతదొకటి, కొత్తదొకటి వచ్చేలా అమర్చండి. ఏ స్లాట్ ఏ ఛానల్‌దో బోర్డు పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. తరువాత ఎప్పుడైనా ఆ పాత రెండింటినీ తీసి 3200వి పెట్టుకుంటే అన్నీ 3200కు చేరతాయి. అంతకు మించిన వేగం ఉన్న ఖరీదైన ర్యామ్ ఈ ప్రాసెసర్‌కు వృథా.

కార్డు పెట్టగానే చాలా బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ను వాటంతట అవే ఆపివేస్తాయి. బయోస్‌లో గ్రాఫిక్స్ విభాగంలో మల్టీ మానిటర్ అనే పేరుతో ఒక ఎంపిక ఉంటుంది, దాన్ని ఎనేబుల్ చేసి ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. మానిటర్ కేబుల్ ఎన్విడియా కార్డుకే ఉండవచ్చు. ఆ తరువాత వీడియో కూర్పు సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ అయితే దాని ప్రిఫరెన్సెస్‌లో మీడియా విభాగానికి వెళ్లి హార్డ్‌వేర్ డీకోడింగ్ కింద ఇంటెల్‌కు టిక్ పెట్టి, సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి మూసి తెరవండి. క్లిప్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిస్తే రెండు జీపీయూలు విడివిడిగా కనిపిస్తాయి. ఇంటెల్ దాని కింద వీడియో డీకోడ్ గీత పైకి లేస్తూ, సీపీయూ వినియోగం తక్కువగా ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. గీత నేలకు అంటుకుని ఆరు కోర్లూ నిండిపోతుంటే ఆ టిక్, లేదా బయోస్ ఎంపిక, ఈ రెండింటిలో ఒకటి తప్పిందని అర్థం.